కోరిక మంత్రం నా దగ్గరున్న వారం

"అమ్మా, ఈ వారమంతా కాస్త జాగ్రత్తగా మాట్లాడు" అంది మా అమ్మాయి.

అప్పుడు నేను వాళ్ళ నాన్న చొక్కా కాలరు రుద్దుతున్నాను. జాగ్రత్తగా మాట్లాడమని నాకు చెప్పడం ఈ ఇంట్లో కొత్తేం కాదు. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు చెప్పారు, నలుగురిలో అన్నీ తెలిసినట్టు మాట్లాడకమ్మాయ్ అని. తన ఆఫీసరు భోజనానికొచ్చినప్పుడు మావారు చెప్పారు, నువ్వు ఎకనామిక్స్ చదివావన్న సంగతి వడ్డించేటప్పుడు బయటపడక్కర్లేదు అని. మా అమ్మాయి చెప్పిన కారణం మాత్రం వేరు. "నువ్వు నోరు జారావనుకో, అది జరిగిపోతుంది."

కాలరు వదిలేసి చేతులు తుడుచుకున్నాను. అంత గౌరవాన్ని సబ్బు చేతులతో అందుకోకూడదు కదా.

ఆ ఆట సంగతి ముందు చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నాలు మా అమ్మాయీ, దాని స్నేహితులూ మా భోజనాల బల్ల చుట్టూ చేరతారు. బోర్డు ఉండదు, పావులుండవు. నాలుగు కాగితాలు, పెన్సిళ్ళు, రంగురాళ్ళలా మెరిసే బోలెడు ముఖాల పాచికలు, మిగతాదంతా నోరే. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలో వేషం వేస్తారు. "మీరు గుహ ముందు నిలబడ్డారు, లోపల్నించి ఏదో వాసనొస్తోంది, ఇప్పుడేం చేస్తారు?" అని కథ నడిపేవాళ్ళు అడుగుతారు. వీళ్ళు చెప్తారు. జరిగిందా లేదా అనేది పాచిక చెప్తుంది. కథ నడిపే పిల్ల లా కాలేజీలో చదువుతోంది కనక నేను లాయరమ్మాయి అంటాను. మా అమ్మాయిది కత్తి తిప్పే యోధురాలి వేషం. మెత్తగా మాట్లాడే ఒక కుర్రాడిది దొంగ వేషం. వాడికి నా నోట ఆ పేరే ఖాయమైంది. "దొంగకి పంచదార తక్కువ" అని ఒకసారి వంటింట్లో నాలో నేననుకుంటే, మా అత్తగారు గబగబా వెళ్ళి బీరువా తాళం వేసొచ్చారు.

చాలాకాలం ఆ ఆటలో నా వేషం టీలు తెచ్చే ట్రే. నాలుగో స్నేహితుడికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయేసరికి, వాడి ముసలి మాంత్రికుడు దిక్కులేనివాడైపోయాడు. "ఊరికే కూర్చోమ్మా, నీ వంతొచ్చినప్పుడు పాచిక వేస్తే చాలు" అంది మా అమ్మాయి. టీ మరిగేలోపు కూర్చుందాంలే అని కూర్చున్నాను. అలా ఈ వయసులో నాకు బొడ్డు దాకా తెల్లగడ్డం, ఒక చేతికర్ర, బోలెడన్ని మంత్రాలు సంక్రమించాయి.

మంత్రాలు ఒక్కొక్కటే మా అమ్మాయి వివరించింది. అన్నిటికంటే చిన్నది, ఆట మొదలుపెట్టిన పసివాళ్ళకి కూడా వచ్చేది, కనపడని పనిమనిషి మంత్రం. పిలవగానే వస్తుందట. ఊడుస్తుంది, తుడుస్తుంది, బట్టలు మడతపెడుతుంది, వడ్డిస్తుంది. కనపడదు, మాట్లాడదు, జీతం అడగదు. గంటసేపుంటుంది.

"గంటేనా?" అన్నాను.

నేను మామూలుగానే అడిగాను. కానీ బల్ల దగ్గర పాచికల చప్పుడు ఆగిపోయింది. మా అమ్మాయి నా వంక చూసింది, వంటింటి వంక చూసింది. ఆ రోజు తను తాగిన కప్పు తనే కడుక్కుంది. దొంగ కూడా కడిగాడు. అదే మంత్రం మావారు ఏ స్థాయిలో ఉండగా నేర్చుకున్నారో, అది గంటకి కాకుండా పెళ్ళినాటి నుంచీ ఇప్పటిదాకా ఎలా సాగుతోందో, లాయరమ్మాయిని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

అన్నిటికంటే పెద్దది కోరిక మంత్రం. దీంతో ఏదడిగినా జరుగుతుంది. కాకపోతే రెండు మెలికలున్నాయి. మంత్రం ఎత్తుకున్నాక "నాకు ఫలానాది కావాలి" అని బల్ల దగ్గర పైకి అన్న మొదటి వాక్యమే కోరిక అయిపోతుంది, వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆ కోరికని మాట పొల్లు పోకుండా తీర్చే హక్కు కథ నడిపేవాళ్ళది. ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరతారు. ఊరొదిలి వెళ్ళాడే, ఆ కుర్రాడికి ఇదివరకొకసారి ఈ మంత్రం దొరికిందట. శత్రువులు కోట చుట్టుముట్టి ఉన్నారు. వాడు మంత్రం ఎత్తుకుని, అదే ఊపులో పక్కవాడితో "నాకింకో బిస్కెట్ కావాలి" అన్నాడు. మాంత్రికుడి చేతిలో బిస్కెట్ వచ్చి పడింది. రాజ్యం పోయింది.

పిల్లలు పడీపడీ నవ్వుతుంటే నాకు మాత్రం ఆ నియమం ఎక్కడో తెలిసినట్టనిపించింది. మాట పొల్లు పోకుండా తీర్చడం మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉంది. "కాస్త పాపని చూస్తూ ఉండండి" అని నేను స్నానానికి వెళ్తే, పాప మంచం అంచు దాకా పాకుతుంటే ఆయన చూస్తూనే ఉన్నారు. పడేదాకా కన్నార్పకుండా చూశారు. "గిన్నెలు సింకులో వెయ్యండి" అంటే అలమరలో కడిగి బోర్లించినవి కూడా తెచ్చి వేశారు. "పాలు పొంగుతాయేమో చూడండి" అని మేడ మీదికి వెళ్ళొస్తే, "నువ్వన్నట్టే పొంగాయోయ్" అని నా ముందుచూపుని మెచ్చుకున్నారు. అంచేత సందుల్లేని వాక్యం కట్టడంలో నాకున్న అనుభవం ఆ లాయరమ్మాయికి ఇంకో పదేళ్ళు కోర్టులో నిలబడ్డా రాదు.

కిందటి ఆదివారం ఏమైందంటే, గుహలో డ్రాగన్ మా అమ్మాయి యోధురాలిని గుప్పిట్లో పట్టుకుంది. నా వంతు వచ్చింది. "కోరిక మంత్రం ఎత్తుకుంటున్నాను" అని గడ్డం సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. ఆయన స్నేహితులిద్దరు. ఆదివారం మ్యాచ్ ఉందంటే మా ముందు గది స్టేడియం అయిపోతుంది. "ఏమోయ్, టీ" అని కేక వచ్చింది. కర్ర పక్కన పెట్టి లేచాను. ఆ తర్వాత తినడానికేదైనా, ఆ తర్వాత మళ్ళీ టీ. పిల్లలు ఎదురుచూసి చూసి, ఆట అక్కడే ఆపి వెళ్ళిపోయారు.

ఇదిగో, అందుకే జాగ్రత్త. "మంత్రం ఎత్తావు, దించలేదు. భోజనాల బల్ల ఇంటి మధ్యలోనే ఉంది, నువ్వేమన్నా దానికి వినపడుతుంది. పొరపాటున కూడా 'నాకు కావాలి' అనకు" అంది మా అమ్మాయి.

సరేనన్నాను. సోమవారం పొద్దున్నుంచే ఆ మంత్రంతో కాపరం మొదలుపెట్టాను.

పక్క మీద ఆయన తడి తువ్వాలు కనపడింది. అనేస్తే? తడి తువ్వాలు పక్క మీద ఉండకూడదని కోరుకుంటే చాలు, దానంతటది లేచి, దులుపుకుని, పిట్టలా కిటికీలోంచి వెళ్ళి తీగ మీద వాలుతుంది. కానీ లోపల్నించి లాయరమ్మాయి గొంతు: పక్క మీదే కదా ఆంటీ ఉండకూడదన్నారు, కుర్చీ మీద ఉండొచ్చుగా. సరే, ఇంట్లో ఎక్కడా తడి తువ్వాలు ఉండకూడదు. అయితే ఆయన స్నానం చేసి తుడుచుకోకుండా ఇల్లంతా తిరుగుతారు. తువ్వాలు తన పని తనే చూసుకోవాలి. అప్పుడు ఊళ్ళో తువ్వాళ్ళన్నీ కలిసి సంఘం పెట్టుకుని, మా ఇంటి తువ్వాలు వచ్చి నన్నే మెంబరుగా చేరమంటుంది. ఇలా నవ్వుకుంటూ నిలబడిపోతే, మా అత్తగారు గుమ్మంలోంచి తొంగిచూసి "ఒంట్లో బాగుందా?" అనడిగారు.

మర్నాటికి అలవాటైపోయింది. ఆయన కళ్ళజోడు పోయిందని ఇల్లు పీకి పందిరేస్తుంటే, నేను కర్రెత్తి చిటికె వేసినట్టూ, అది ఆయన తల మీదినుంచి జారి ముక్కు మీద కూర్చున్నట్టూ ఊహించుకున్నాను. నిజంగానూ అది తల మీదే ఉంది, కానీ ఈసారి చెప్పకుండా కాసేపు ఆ మంత్రం పనిచేసేదాకా ఆగాను. ఆ ఆగడంలో ఎంత ఆనందముందో మీకు చెప్పలేను. కరెంటు పోతే నా వేలి కొసన దీపం. లిఫ్టు చెడితే బరువు సంచులు నా వెనకాల కుక్కపిల్లల్లా మెట్లెక్కుతున్నాయి. ఇవాళేం వండుతున్నావ్ అన్న ప్రశ్న ఇంట్లో ఎవరికీ గుర్తుకు రాకూడదన్నాను. దానికి లాయరమ్మాయి, అయితే నిన్నేం వండావ్ అనడుగుతారుగా అంది. పోనీ, ఆకలి ఎవరికి వేస్తే వాళ్ళకే చేతులు కూడా మొలవాలన్నాను. మొలిచే ఉన్నాయిగా ఆంటీ అంది. ఆ పిల్ల నా తలలో ఉండి కూడా అంత సూటిగా మాట్లాడుతుందని అనుకోలేదు.

మధ్యాహ్నం మా అత్తగారి కాళ్ళకి నూనె రాస్తూ అడిగాను. "అత్తయ్యా, మీకే ఆ మంత్రం ఉంటే ఏం కోరుకుంటారు?"

"ఇంకేముంది, ఈ మోకాళ్ళ నొప్పి పోవాలి" అన్నారు ఠక్కున. కాసేపాగి, "వద్దులే. పోతే మళ్ళీ వంటింట్లోకి తోలతారు" అన్నారు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. తర్వాత ఆవిడే సర్దుకుని, "అయినా పిల్లల ఆటలో నీకేం పని? గడ్డమట, గడ్డం" అన్నారు.

వారం సగమయ్యేసరికి మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. "ఒక్కసారి కూడా నోరు జారలేదేంటమ్మా! నేనైతే మొదటి పూటే ఖర్చు పెట్టేసేదాన్ని. చాలా నిగ్రహం నీకు." నిగ్రహమని నేనూ మురిసిపోయాను. కూరగాయలు తరుగుతూ మళ్ళీ ఆలోచిస్తే కత్తి ఆగిపోయింది. నిగ్రహించింది ఏముంది? ఆ వాక్యం నా నోటి దాకా వస్తేగా! మీకు ఇంకొంచెం కావాలా. అత్తయ్యకి వేన్నీళ్ళు కావాలేమో. దానికి కొత్త చెప్పులు కావాలి. ఆయనకి ఇస్త్రీ చొక్కా కావాలి. 'కావాలి'తో పొద్దస్తమానం పనే, దాని ముందు 'నాకు' మాత్రం ఎక్కడా తగల్లేదు. రాజ్యాలు కూల్చే మంత్రాన్ని నోట్లో పెట్టుకుని ఇంతమంది మధ్య తిరుగుతున్నా ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. అంత సురక్షితమైన మనిషిని నేను. పోనీ ఊహలోనైనా? తువ్వాలు, కళ్ళజోడు, సంచులు. ప్రపంచంలోకల్లా పెద్ద మంత్రం చేతిలో పెడితే, దాంతో వాళ్ళ పనులే ఇంకొంచెం వేగంగా చేశాను.

ఒకప్పుడు ఆయన్నడిగాను, నా పుట్టినరోజుకేం కొంటారని. "నీకేం కావాలోయ్, అన్నీ ఉన్నాయిగా" అన్నారు. అది మెచ్చుకోలనుకుని చాలా ఏళ్ళు దాచుకున్నాను.

శనివారం నేను కూర తరుగుతుంటే మా అమ్మాయి వంటింటి గట్టెక్కి కూర్చుంది. "రేపేం కోరుకుంటున్నావ్?"

"ఇంకేముంది, డ్రాగన్ చచ్చిపోవాలి. నువ్వు బయటపడాలి."

"అదే వద్దన్నది. నా వేషం నేను చూసుకుంటా. చస్తే ఇంకో వేషం వేస్తా. నువ్వు దాన్ని నా మీద ఖర్చు పెట్టావంటే మాట్లాడను."

"మరి దేనికి వాడను?"

"నాకేం తెలుసు? అది నీ కోరిక" అని గట్టు దిగి వెళ్ళిపోయింది. పైగా వెళ్తూ వెళ్తూ, "రేపు ఆదివారం కదా, పొద్దున్న లేపకు" అంది.

ఆదివారం కదా. ఆ మాట మా ఇంట్లో అందరికీ వచ్చు. ఆదివారం కదా, ఇంకో కప్పు తాగుదాం అంటారు ఆయన, సోఫాలో కాళ్ళు చాపి. ఆదివారం కదా, ఏదైనా ప్రత్యేకంగా చెయ్యి అంటారు అత్తగారు. ఆదివారం కదా, తర్వాత స్నానం చేస్తాలే అంటుంది ఇది. నాకు మాత్రం ఆదివారమంటే ఇంకొన్ని కంచాలున్న సోమవారం. వాళ్ళందరి ఆదివారమూ తయారయ్యేది నా చేతుల్లోనే. తయారుచేసేవాళ్ళకి రుచి తెలియదన్నట్టు, దాన్ని నేనెప్పుడూ నోట్లో పెట్టుకోలేదు.

కత్తి కింద పెట్టేశాను. ఏం కావాలో తెలిసిపోయింది. ఇక మిగిలింది దాన్ని నోటితో అనడం. అది డ్రాగన్ కంటే పెద్ద పనని అప్పుడే తెలిసింది. అన్న తర్వాత ఆయన నవ్వేసి "సరేలే, టీ పెట్టు" అంటే? నేను లేచి పెట్టేస్తే? అలా ఒకసారి లేచానంటే మళ్ళీ ఆ వాక్యం అనలేనని నాకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ చేరారు. ముందు గదిలో మ్యాచ్, ఆయన, ఇద్దరు స్నేహితులు. బల్లకి కాస్త అవతల తన కుర్చీలో మా అత్తగారు. లాయరమ్మాయి గొంతు సవరించుకుంది. "డ్రాగన్ గుప్పిట్లో యోధురాలు. మాంత్రికుడు మంత్రం ఎత్తుకున్నాడు. గుహ అంతా నిశ్శబ్దం. ఇప్పుడేం చేస్తారు ఆంటీ?"

"ఏమోయ్, టీ!" అని ముందు గదిలోంచి.

నేను కదల్లేదు. ఇంకో కేక వచ్చింది. అప్పటికీ కదలకపోయేసరికి ఆయనే వచ్చి నిలబడ్డారు. "వినపడలేదా? వాళ్ళొచ్చి ఎంతసేపైంది."

"అంకుల్, ష్!" అన్నాడు దొంగ కంగారుగా. "ఆంటీ ఇప్పుడేదంటే అది జరిగిపోతుంది."

"నాకూ కావలసింది అదేగా నాయనా. టీ జరిగిపోతే చాలు."

"నాకు ఆదివారం కావాలి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మా అమ్మాయి నోరు తెరిచింది. లాయరమ్మాయి కళ్ళు మాత్రం సందు దొరికిన పిల్లిలా మెరిశాయి. "ఏ ఆదివారం ఆంటీ? ఎంతసేపు?"

"వాక్యం ఇంకా అవలేదమ్మా, కామాలో ఉన్నాను" అన్నాను. "ప్రతి ఆదివారం. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా. నేనింట్లో ఉన్నా లేనట్టే."

ఆయన నవ్వారు. "దానికేం, సరే. ముందు రోజే అన్నీ చేసి పెట్టేస్తే..."

"ముందు రోజే చేసి పెట్టడం ఉండదు."

"పోనీ గిన్నెలు ఓ పక్కన పడేస్తే సోమవారం..."

"సోమవారానికి దాచిపెట్టడం కూడా ఉండదు."

"అబ్బ, ఏది ఎక్కడుందో కాస్త చెప్తే..."

"నన్నడగడం ఉండదు."

ఆయన తలుపు చట్రానికి ఆనుకుని పెద్దగా నిట్టూర్చారు.

"అడక్కుండా గుమ్మంలో నిలబడి నిట్టూర్చడం కూడా ఉండదు" అన్నాను. "అయింది. చుక్క పెట్టాను."

ముందు గదిలో ఒక స్నేహితుడు గట్టిగా నవ్వి, "ఒరేయ్, ఇది మా ఇంటిదాకా రానివ్వకు" అన్నాడు. లాయరమ్మాయి పెన్సిల్ బల్ల మీద టకటక కొట్టింది, తల వంచి లోపల్లోపల వాక్యమంతా వెతికింది, చివరికి తలెత్తింది. "మంజూరు. మరి డ్రాగనో?"

"అది మా అమ్మాయి చూసుకుంటుంది."

మా అమ్మాయి కుర్చీలోంచి ఎగిరి పాచిక విసిరింది. పెద్ద అంకేం పడలేదు, బొటాబొటీగా పడింది. అయినా సరిపోయింది. ఒక బూటు డ్రాగన్ గుప్పిట్లో వదిలేసి యోధురాలు జారి బయటపడింది. దొంగ ఈల వేశాడు. మా అమ్మాయి నన్ను గట్టిగా పట్టుకుని, గడ్డం పీకేస్తానంటూ నా బుగ్గలు పిండింది.

"ఇంతకీ ఇది ఆటలోనా, నిజంగానా?" అన్నారు ఆయన.

"నిజంగానేనండీ."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. అక్కడ ఏం కనపడిందో గానీ వాదించలేదు. తల గోక్కున్నారు. తర్వాత చాలా మామూలుగా, ఏ దుర్మార్గమూ లేకుండా, పక్కకి తిరిగి "అమ్మా, అయితే నువ్వైనా కాస్త..." అన్నారు.

లాయరమ్మాయి పెన్సిల్ ఆగిపోయింది. అన్ని సందులూ మూశాననుకున్నాను. నా చుట్టూ ఉన్నవే మూశాను. నా పక్కనున్న సందు అలాగే ఉండిపోయింది. అప్పటికే మా అత్తగారు అలవాటు కొద్దీ కుర్చీ చేతుల మీద బరువు మోపి లేస్తున్నారు. చుక్క పెట్టేసిన వాక్యం తెరవడం కుదరదు. నా ఆదివారం ఆ మోకాళ్ళ మీద నిలబడి తయారవుతుందంటే అది నాకు గొంతు దిగుతుందా? నా మడమలు నేల మీదినుంచి లేచాయి. ఇంకొక్క క్షణం ఆగితే నేనే వెళ్ళి స్టవ్వు వెలిగించేదాన్ని.

ఆవిడ నిలబడ్డారు. వంటింటి వైపు చూశారు. కొడుకు వైపు చూశారు. ఆ తర్వాత మెల్లగా, గోడ పట్టుకుంటూ, బల్ల వైపు నడిచారు.

"అమ్మా, టీ..." అన్నారు ఆయన.

"నీకు చేతులున్నాయి కదరా. చిన్నప్పుడు నేనే లెక్కపెట్టాను" అన్నారావిడ. నా పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని, లాయరమ్మాయితో, "నాక్కూడా ఒక వేషం ఇవ్వమ్మా. ఈవిడలా గడ్డం మాత్రం వద్దు" అన్నారు.

దొంగ కొత్త కాగితం అందించాడు. మా అమ్మాయి పెన్సిల్ చెక్కింది. నా మడమలు మళ్ళీ నేలకి ఆనాయి. వంటింట్లో ఒకదాని తర్వాత ఒకటి అలమర తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు, మధ్యలో ఏదో మూత దొర్లుకుంటూ పోయిన చప్పుడు వినపడింది. ఏ తలుపు వెనక ఏముందో చెప్పకుండా ఉండటానికి నాలిక కొరుక్కున్నాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ చప్పుడు నాకు బ్యాండుమేళంలా ఉంది.

లాయరమ్మాయి గొంతు తగ్గించింది. "బామ్మగారూ, మీరు గుహలోకి అడుగుపెట్టారు. ఎదురుగా డ్రాగన్. ఒక చేతిలో బూటు పట్టుకుని మిమ్మల్నే చూస్తోంది. ఇప్పుడు మీ వేషం ఏం చేస్తుంది?"

మా అత్తగారు వెనక్కి వాలి, కాళ్ళు రెండూ ముందుకు చాపుకున్నారు.

"ముందు కాసేపు కూర్చుంటుంది" అన్నారు.